కంట్రోల్ సిస్టమ్స్ లెక్కలు చేయగలుగుతున్నాను, విషయం మాత్రం పట్టుబడటం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: పరకాల_ఈఈఈ

అందరికీ నమస్కారం. హనుమకొండలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, తర్వాత మహిళా పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరాను. అందువల్ల బీటెక్ మొదటి సంవత్సరం గణితం నేను తరగతిలో కూర్చుని విన్నది కాదు.

ఈ సెమిస్టర్‌లో కంట్రోల్ సిస్టమ్స్ ఉంది. మార్కుల గురించి నాకు బెంగ లేదు. బ్లాక్ డయాగ్రామ్ కుదించమంటే కుదిస్తాను. సిగ్నల్ ఫ్లో గ్రాఫ్‌కు మేసన్ సూత్రం వేస్తాను. సిస్టమ్ స్థిరమా కాదా తేల్చే రౌత్ పట్టిక తప్పు లేకుండా పూరిస్తాను. మొదటి నిలువు వరుసలో గుర్తు రెండుసార్లు మారితే రెండు పోల్స్ (సిస్టమ్ సమీకరణం మూలాలు) సంకీర్ణ తలం కుడి సగంలో ఉన్నాయి, కాబట్టి సిస్టమ్ అస్థిరం అని రాసి కింద గీత గీస్తాను. బాధంతా ఆ గీత తర్వాతే మొదలవుతుంది. పోల్ కుడి సగంలో ఉంటే నిజంగా ఏం జరుగుతున్నట్టు?

మొన్న ల్యాబ్‌లో డీసీ సర్వో మోటారు పొజిషన్ కంట్రోల్ ప్రయోగం చేశాం. గెయిన్ నాబ్ (తేడాను ఎన్ని రెట్లు చేసి మోటారుకు ఇవ్వాలో నిర్ణయించేది) తక్కువలో ఉన్నప్పుడు షాఫ్టు మెల్లగా వెళ్లి చెప్పిన కోణం దగ్గర ఆగింది. నాబ్ ఇంకొంచెం తిప్పితే ఆ కోణం దాటిపోయి వెనక్కి వచ్చింది. చివరిదాకా తిప్పితే ఆగకుండా అటూ ఇటూ కొట్టుకుంది, టేబుల్ మీద కిట్ మొత్తం అదిరింది. రికార్డులో ‘గెయిన్ పెరిగితే స్థిరత్వం తగ్గుతుంది’ అని రాశాం, సంతకం అయిపోయింది. కానీ కళ్లముందు కొట్టుకున్న ఆ షాఫ్టుకూ, నేను పట్టికలో వేసే ప్లస్ మైనస్ గుర్తులకూ సంబంధం ఏమిటో ఎవరైనా అడిగితే నోరు పెగలదు. పక్కన కూర్చునే స్నేహితులను అడిగితే, పరీక్షలో అది అడగరు కదా అంటున్నారు. పరీక్ష కోసం అడగడం లేదు. ఈ సబ్జెక్టు నాకు నచ్చింది, తర్వాత ఇదే రంగంలో పని చేయాలని ఉంది. అందుకే అడుగుతున్నాను.

గణితంలో ఏం పూరించుకోవాలి, ఏ వరుసలో చదవాలి, ఏది చేత్తో చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: కాజీపేట_అధ్యాపకుడు

మీలాగే ఈసెట్ ద్వారా వచ్చిన పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతుంటాను. డిప్లొమా చదివినవాళ్లకు యంత్రం మీద చెయ్యి ఆడుతుంది, కానీ అవకలన సమీకరణాల దగ్గర పునాది పలచగా ఉంటుంది. మీకు కావలసిన గణితం మీరు భయపడుతున్నంత లేదు. స్థిర గుణకాలున్న రేఖీయ అవకలన సమీకరణం, సంకీర్ణ సంఖ్యలు, పాక్షిక భిన్నాలు, వాటి మీద లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ (అవకలన సమీకరణాన్ని ఎస్ అనే చలరాశిలో బీజగణితంగా మార్చేది). ఈ నాలుగూ వస్తే బీటెక్ స్థాయి క్లాసికల్ కంట్రోల్‌కు చాలు. మ్యాట్రిక్సులు స్టేట్ స్పేస్ దగ్గరికి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. పోల్ అంటే ఘాతాంకంలో కూర్చునే సంఖ్య. ఒక సిస్టమ్‌కు మైనస్ 2 దగ్గర పోల్ ఉందంటే, దాన్ని ఒకసారి కదిపి వదిలేస్తే ఆ కదలిక ఒక సెకను తర్వాత మొదటి విలువలో 13.5 శాతానికి తగ్గుతుంది. అదే పోల్ ప్లస్ 2 దగ్గర ఉంటే ఒక సెకనులో 7.39 రెట్లు అవుతుంది, రెండు సెకన్లలో 54 రెట్లు దాటుతుంది. ఎడమ, కుడి సగాల మధ్య తేడా ఇదే. ఇప్పుడు సంకీర్ణ పోల్స్ జత తీసుకోండి: మైనస్ 1, ప్లస్ లేదా మైనస్ జె 3 (జె అంటే మైనస్ 1 వర్గమూలం). ఇందులో మైనస్ 1 ఊగడం ఎంత త్వరగా సద్దుమణుగుతుందో చెబుతుంది. 3 అనేది సెకనుకు ఎన్ని రేడియన్ల చొప్పున ఊగుతుందో చెబుతుంది. అంటే దాదాపు 2.1 సెకన్లకు ఒక ఊపు.

మీ షాఫ్టు దగ్గరికి వద్దాం. పొజిషన్ కంట్రోల్‌కు దగ్గరగా ఉండే ఒక నమూనా రాసుకోండి: లవంలో కె (అదే మీ గెయిన్), హారంలో ఎస్, ఎస్+1, ఎస్+2 ల గుణకారం. లూప్ మూస్తే వచ్చే సమీకరణం ఇది: ఎస్ ఘనం + 3 ఎస్ వర్గం + 2 ఎస్ + కె = 0. రౌత్ పట్టికలో ఎస్ వరుసలో (6 − కె)/3 వస్తుంది. కె విలువ 6 దాటితే ఆ పదం రుణాత్మకం అవుతుంది. గుర్తు రెండుసార్లు మారుతుంది, రెండు పోల్స్ కుడివైపు దాటాయి అంటారు. మీరు ఇక్కడిదాకా వచ్చి గీత గీసేస్తున్నారు. ఇంకొక్క అడుగు వేయండి. కె సరిగ్గా 6 అయినప్పుడు ఆ వరుస మొత్తం సున్నా అవుతుంది. దాని పైవరుస నుంచి సహాయక సమీకరణం రాస్తే 3 ఎస్ వర్గం + 6 = 0. అంటే ఎస్ విలువ ప్లస్ లేదా మైనస్ జె 1.414. దీని అర్థం, నాబ్ అక్కడ ఉన్నప్పుడు షాఫ్టు ప్రతి 4.4 సెకన్లకు ఒకసారి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, తగ్గదు, పెరగదు. పట్టికలోని సున్నా వరుసే ఆ ఊగుడు. మీ కిట్ నిజమైన స్థిరాంకాలు వేరు కాబట్టి మీ దగ్గర అది ఇంకా వేగంగా కొట్టుకుని ఉంటుంది.

కె 10 పెట్టి మూలాలు కనుక్కోండి. ఒకటి మైనస్ 3.31 దగ్గర, మిగతా రెండూ 0.155 ప్లస్ లేదా మైనస్ జె 1.73 దగ్గర వస్తాయి. ప్రతి ఊపుకూ వెడల్పు దాదాపు 1.76 రెట్లు పెరగాలి. ఇంత దాకా చేత్తో చేసినవాళ్లకు రూట్ లోకస్ వేరే పాఠంగా అనిపించదు. కె ని సున్నా నుంచి పెంచుకుంటూ పోతే ఈ మూడు మూలాలూ నడిచే దారే అది.

బోడే ప్లాట్లు (ఫ్రీక్వెన్సీతోపాటు గెయిన్, ఫేజ్ ఎలా మారతాయో చూపే గీతలు) మాత్రం సెమీలాగ్ కాగితం మీద చేత్తో గీయండి. వాలు డెకేడ్‌కు (ఫ్రీక్వెన్సీ పది రెట్లయ్యే మేరకు) 20 డెసిబెల్స్ చొప్పున ఎక్కడ విరుగుతుందో మీ పెన్సిలుకు తెలియాలి.

జవాబు: ఎంటెక్_వరంగల్_నిట్

సార్ చెప్పిన లెక్క చేసి చూడు చెల్లీ, చాలా మంచి ఉదాహరణ అది. ఒక్క విషయంలో నాది వేరే అభిప్రాయం. గణితం మొత్తం పూర్తయ్యాకే ముందుకు వెళ్దామని ఆగవద్దు. రెండూ పక్కపక్కనే నడవాలి.

సార్ లెక్క ప్రకారం కె 10 పెడితే ఊపు పెరుగుతూనే పోవాలి కదా. మరి నీ ల్యాబ్ కిట్‌లో షాఫ్టు ఒక వెడల్పు దగ్గర నిలకడగా ఎందుకు కొట్టుకుంది? ఎందుకంటే యాంప్లిఫయర్ ఇవ్వగలిగే వోల్టేజీకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు తగిలాక గెయిన్ నాబ్ ఎంత చెప్పినా మోటారుకు అంతకంటే ఎక్కువ అందదు. ఊపు పెద్దదయ్యేకొద్దీ అసలు పనిచేసే గెయిన్ తగ్గిపోతుంది, ఎక్కడో ఒకచోట సమతూకం కుదిరి అదే వెడల్పులో ఊగుతుంది. దీన్ని లిమిట్ సైకిల్ అంటారు. రౌత్ పట్టిక రేఖీయ నమూనా గురించి మాత్రమే మాట్లాడుతుంది. నువ్వు చూసింది దాని అంచు దాటిన తర్వాతి సంగతి. ఈ తేడా తెలిస్తే వైవాలో ఎవరూ నిన్ను కదిలించలేరు.

కంప్యూటర్‌లో సైల్యాబ్ గానీ, ఆక్టేవ్‌లో కంట్రోల్ ప్యాకేజీ గానీ వేసుకో, రెండూ ఉచితం. ముందు కాగితం మీద గీసి, తర్వాత అందులో సరిచూసుకో. కంప్యూటర్లు అందుబాటులో లేని రోజుల్లో, 1948లో ఎవాన్స్ రూట్ లోకస్ పద్ధతి బయటపెట్టాడు. మూలాలు కనుక్కోవడానికి ఇప్పుడు మనకు అది అక్కర్లేదు. కానీ ఎక్కడ ఒక జీరో (లవాన్ని సున్నా చేసే ఎస్ విలువ) చేర్చితే దారి ఎటు వంగుతుందో ఊహించడానికి ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

ఇంకొకటి, గదిలోనే చేసుకోగల ప్రయోగం. ఒక చిన్న అట్టపెట్టెలో 12 వోల్టుల వాహనం బల్బు, ఒక ఎల్ఎమ్35 ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టు. ఆర్డ్యూయినో బోర్డు నుంచి మాస్‌ఫెట్ స్విచ్చు ద్వారా బల్బుకు పీడబ్ల్యూఎమ్ (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజీని మార్చడం) ఇవ్వు. ఎల్ఎమ్35 ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఆర్డ్యూయినో 5 వోల్టులను 1,024 మెట్లుగా చదువుతుంది, కాబట్టి అర డిగ్రీ తేడా కనిపిస్తుంది. ముందు ప్రపోర్షనల్ (తేడా ఎంతో దానికి తగ్గట్టు స్పందించేది) ఒక్కటే పెట్టి చూడు. చెప్పిన ఉష్ణోగ్రతకు కొంచెం కిందే ఆగిపోతుంది. ఇంటిగ్రల్ (తేడాను కాలంతోపాటు పోగుచేసేది) కలుపు, ఆ లోటు పోతుంది. కానీ చల్లటి పెట్టెకు ఒకేసారి 60 డిగ్రీలు అడిగితే బల్బు పూర్తిగా వెలుగుతున్నంత సేపూ ఇంటిగ్రల్ పోగుపడుతూనే ఉంటుంది, 60 దాటాక కూడా బల్బు ఆరదు. పుస్తకాల్లో వైండప్ అని రెండు లైన్లలో ఉండేది ఇదే. చేతికి వేడి తగిలితే మరిచిపోవు.

జీగ్లర్, నికల్స్ 1942లో ప్రచురించిన ట్యూనింగ్ పద్ధతి కూడా ఆ పెట్టె మీద ప్రయత్నించు. ప్రపోర్షనల్ ఒక్కటే పెంచుకుంటూ పోయి, నిలకడగా ఊగే చోట గెయిన్‌నూ, ఊపు కాలాన్నీ రాసుకో. గెయిన్‌లో 0.6 వంతు, కాలంలో సగం ఇంటిగ్రల్‌కు, ఎనిమిదో వంతు డెరివేటివ్‌కు (తేడా మారే వేగానికి స్పందించేది). అది మొదటి అంచనా మాత్రమే, చాలాసార్లు ఓవర్‌షూట్ (లక్ష్యం దాటిపోవడం) ఎక్కువ వస్తుంది. గేట్ రాసే ఉద్దేశం ఉంటే, ఈ సబ్జెక్టు ఈఈ, ఈసీ, ఐఎన్ మూడు పేపర్లలోనూ ఉంది.

జవాబు: విశ్రాంత_సి_అండ్_ఐ

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉత్తర తెలంగాణలోని ఒక బొగ్గు విద్యుత్ కేంద్రంలో కంట్రోల్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. పైన ఇద్దరూ చక్కగా చెప్పారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక ప్లాంటును (కంట్రోల్ చేయాల్సిన వ్యవస్థను) ఎంచుకుని, సిలబస్ మొత్తాన్ని దాని మీదుగానే నడిపించు. పుస్తకంలో ప్రతి అధ్యాయానికీ ఒక కొత్త ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ సంబంధం చెప్పే భిన్నం) ఇస్తారు. ఈ అధ్యాయంలో దీనికి రౌత్, వచ్చే అధ్యాయంలో దానికి బోడే. ఏదీ నీది కాదు, అందుకే ఏదీ నీతో మాట్లాడదు. ఒకే ప్లాంటుకు టైమ్ రెస్పాన్స్ గీసి, దానికే రౌత్ వేసి, దానికే రూట్ లోకస్, దానికే బోడే గీస్తే, నాలుగు పద్ధతులూ ఒకే సంగతిని నాలుగు వైపుల నుంచి చెబుతున్నాయని నీకే తెలుస్తుంది.

నేనైతే బాయిలర్ డ్రమ్మును (నీటి నుంచి ఆవిరి విడిపోయే పెద్ద పాత్రను) ఇస్తాను. రామగుండంలో పాత 200, 500 మెగావాట్ల యూనిట్లకు డ్రమ్ము ఉంటుంది. పక్కన వచ్చిన 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లకు డ్రమ్మే ఉండదు, అది వేరే కథ. 500 మెగావాట్ల యూనిట్‌లో గంటకు సుమారు 1,500 టన్నుల ఆవిరి టర్బైన్‌కు వెళ్తుంది, అంటే సెకనుకు 400 కిలోలకు పైగా. అంత నీరూ మళ్లీ డ్రమ్ములోకి పంపు చేస్తూ ఉండాలి. డ్రమ్ములో నీటి మట్టం మధ్య గీత దగ్గర ఉండాలి. మరీ తగ్గితే బాయిలర్ గొట్టాలకు నీళ్లు అందక కాలిపోతాయి. మరీ పెరిగితే ఆవిరితోపాటు నీటి తుంపరలు టర్బైన్ బ్లేడ్ల మీదికి పోతాయి. రెండు వైపులా ట్రిప్ (యూనిట్‌ను దానంతట అదే ఆపేసే రక్షణ) పెట్టి ఉంటుంది. ఆ ట్రిప్పు ఒక్క మీటరును నమ్మి ఇవ్వరు, మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టి వాటిలో రెండు ఒప్పుకుంటేనే ఇస్తారు.

ఇప్పుడు చూడు. లోడ్ ఒక్కసారిగా పెరిగింది, టర్బైన్ ఎక్కువ ఆవిరి లాగింది. డ్రమ్ము నుంచి బయటికి పోయేది పెరిగింది కాబట్టి మట్టం తగ్గాలి కదా? మొదట పెరుగుతుంది. ఆవిరి లాగగానే డ్రమ్ములో పీడనం పడుతుంది, నీటిలో ఉన్న ఆవిరి బుడగలు ఉబ్బుతాయి, కొత్త బుడగలు పుడతాయి, పొయ్యి మీద పాలు పొంగినట్టు మట్టం పైకి లేస్తుంది. పాలు పొంగితే గిన్నెలో పాలు ఎక్కువైనట్టు కాదు. కానీ మట్టం ఒక్కటే చూసే కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు. నీళ్లు ఎక్కువయ్యాయనుకుని ఫీడ్ వాటర్ (డ్రమ్ములోకి పంపే నీరు) తగ్గిస్తుంది. సరిగ్గా నీళ్లు ఎక్కువ కావలసిన సమయంలో! కొన్ని క్షణాల తర్వాత పొంగు దిగగానే మట్టం బాగా కిందికి పోతుంది. దీన్ని స్వెల్ అంటాం. దీనికి వ్యతిరేకం ష్రింక్. ఫీడ్ వాటర్ పెంచితే, బాయిలర్ నీటికంటే చల్లటి ఆ నీటివల్ల బుడగలు కుంచించుకుని మట్టం ముందు తగ్గి, తర్వాత పెరుగుతుంది.

నీ పుస్తకంలో ‘కుడి సగంలో జీరో’ అని ఒక మాట ఉంటుంది, నాన్ మినిమం ఫేజ్ అని కూడా రాస్తారు. అది ఇదే. కాగితం మీద పెట్టి చూద్దాం. ఫీడ్ వాటర్ నుంచి మట్టానికి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను సరళంగా ఇలా రాసుకో: లవంలో (1 − టి ఎస్), హారంలో ఎస్ (1 + టౌ ఎస్). హారంలో విడిగా ఉన్న ఎస్ ఎందుకంటే డ్రమ్ము నీటిని పోగుచేసుకుంటుంది, అది ఇంటిగ్రేటర్. టి అనేది బుడగల వల్ల మట్టం మొదట ఎదురు నడిచే ప్రభావం ఎంతో చెబుతుంది, టౌ అనేది వాల్వు, పంపు ఆలస్యం. గెయిన్ కె తో లూప్ మూస్తే: టౌ ఎస్ వర్గం + (1 − కె టి) ఎస్ + కె = 0. మధ్య పదం ధనాత్మకంగా ఉండాలంటే కె విలువ 1/టి కంటే తక్కువ ఉండాలి. టి 10 సెకన్లు అనుకుంటే కె 0.1 దాటకూడదు. టౌ ఎంతైనా సరే, హద్దు అదే. వాల్వును ఎంత వేగమైనది కొని తెచ్చినా ఆ హద్దు కదలదు. ఎందుకంటే ఆ హద్దు వాల్వుది కాదు, నీటిలో ఉన్న బుడగలది. ఈ రెండు లైన్ల లెక్క నేర్పినంత నాకు మరేదీ నేర్పలేదు. ప్లాంటు స్వభావంలోనే ఉన్న హద్దును కంట్రోలర్ మార్చలేదు.

అందుకే త్రీ ఎలిమెంట్ కంట్రోల్ వచ్చింది. మట్టంతోపాటు ఆవిరి ప్రవాహాన్నీ, ఫీడ్ వాటర్ ప్రవాహాన్నీ కొలుస్తారు. ఎంత ఆవిరి పోతోందో అంత నీరు ముందే పంపుతారు. మట్టం కంట్రోలర్ నెమ్మదిగా చిన్న సవరణలు మాత్రం చేస్తుంది.

ఇక రౌత్ పట్టిక ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను, నీ షాఫ్టుకూ దానికీ నేరుగా చుట్టరికం ఉంది. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్ల గవర్నర్ పెట్టాడు. యంత్రం వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుని ఆవిరి వాల్వు మూస్తాయి. తర్వాతి కాలంలో గవర్నర్లను ఇంకా సున్నితంగా చేసేకొద్దీ యంత్రాలు వేగం నిలుపుకోలేక పెరుగుతూ తగ్గుతూ ఊగడం మొదలుపెట్టాయి. సరిగ్గా నీ కిట్ లాగే. 1868లో మాక్స్‌వెల్ గవర్నర్ల మీద వ్యాసం రాసి, ఈ ఊగడం ఒక సమీకరణం మూలాల వాస్తవ భాగం గుర్తు మీద ఆధారపడుతుందని చూపించాడు. మూడో ఘాతం సమీకరణానికి షరతు చెప్పగలిగాడు, ఏ ఘాతానికైనా పనికొచ్చే సూత్రం దొరకలేదు. దాన్ని 1877లో రౌత్ సాధించాడు. ఇద్దరూ కేంబ్రిడ్జిలో ఒకే సంవత్సరం, 1854లో పరీక్ష రాసినవాళ్లు. రౌత్ మొదటి స్థానం, మాక్స్‌వెల్ రెండో స్థానం. నువ్వు వేసే ఆ పట్టిక పరీక్ష కోసం పుట్టింది కాదు, ఊగుతున్న యంత్రాల కోసం పుట్టింది.

గవర్నర్లు ఇప్పటికీ ఉన్నాయి. మీ హాస్టల్ ప్లగ్గులో ఉన్న ఫ్రీక్వెన్సీ, రామగుండం జనరేటర్ ఫ్రీక్వెన్సీ ఒకటే. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసినప్పటి నుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. ఒక యూనిట్ గవర్నర్‌కు 5 శాతం డ్రూప్ పెట్టారనుకో. 50లో 5 శాతం, అంటే 2.5 హెర్ట్జ్ తగ్గితే ఆ యూనిట్ సున్నా నుంచి పూర్తి లోడ్‌కు కదలాలి. ఆ లెక్కన 0.1 హెర్ట్జ్ తగ్గితే 4 శాతం, 500 మెగావాట్ల యూనిట్ 20 మెగావాట్లు పెంచుతుంది. ఇది ఒట్టి ప్రపోర్షనల్ కంట్రోల్. కాబట్టి ఫ్రీక్వెన్సీ పడటం ఆగుతుంది కానీ మళ్లీ 50కి రాదు. దాన్ని వెనక్కి తేవడానికి దాని మీద మరో నెమ్మది లూప్ కావాలి, అందులో ఇంటిగ్రల్ ఉంటుంది. నీ పాఠంలో స్టెడీ స్టేట్ ఎర్రర్ (చివరికి మిగిలిపోయే తేడా) పట్టిక ఉంటుంది కదా, టైప్ సున్నా, టైప్ ఒకటి అని. దాన్ని బట్టీ పట్టవద్దు, ఈ 20 మెగావాట్లు గుర్తుపెట్టుకో.

ఎంటెక్ అబ్బాయి చెప్పిన జీగ్లర్, నికల్స్ పద్ధతి అట్టపెట్టె మీద హాయిగా చేయి. నడుస్తున్న బాయిలర్ మీద ఊగేదాకా గెయిన్ పెంచడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. అక్కడ చిన్న మెట్టు ఇచ్చి, వచ్చిన స్పందనను రికార్డు చేసి, దాని నుంచి నమూనా కట్టుకుంటాం.

జవాబు: కాలువ_ఇంజనీరు

పెద్దాయన చెప్పిన ‘ఒకే ప్లాంటు’ మాటకు నా ఓటు. మీది పరకాల ప్రాంతం అన్నారు కాబట్టి నేను ఇంకో ప్లాంటును చూపిస్తాను. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ. 284 కిలోమీటర్ల పొడవు, పోచంపాడు నుంచి 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్ లోయర్ మానేరు, అక్కడి నుంచి వరంగల్ వైపు.

ఇందులో చదవాల్సింది డెడ్ టైమ్, అంటే మార్పు చేశాక ఫలితం కనిపించడం మొదలయ్యేదాకా పట్టే ఆలస్యం. నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున నడుస్తుందనుకుంటే పోచంపాడు నుంచి లోయర్ మానేరుకు 40 గంటలు దాటుతుంది. గేటు ఎత్తినప్పుడు పుట్టే అల నీటికంటే వేగంగా వస్తుంది, అయినా కింద ప్రవాహం స్థిరపడటానికి చాలా సేపు పడుతుంది. కింద మట్టం చూసి పైన గేటు మార్చే ఫీడ్‌బ్యాక్ ఒక్కదానితో దీన్ని నడిపితే ఏమవుతుంది? కింద నీరు తక్కువని గేటు ఎత్తుతారు, గంటలు గడిచినా తేడా కనిపించదు, ఇంకా ఎత్తుతారు. చివరికి మొత్తం ఒకేసారి వచ్చి పడుతుంది. బోడే భాషలో చెబితే, డెడ్ టైమ్ మ్యాగ్నిట్యూడ్‌ను ముట్టుకోదు, ఫేజ్‌ను మాత్రం తినేస్తుంది. కోణీయ ఫ్రీక్వెన్సీ ఒమేగా దగ్గర ఒమేగా × డెడ్ టైమ్ రేడియన్ల ఫేజ్ పోతుంది. అది ఎక్కడా ఆగదు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ పెరుగుతూనే పోతుంది. అందుకే ఇలాంటి చోట వారబందీ (వంతులవారీగా నీరు వదలడం) లాంటి ముందస్తు షెడ్యూలే ప్రధానం, ఫీడ్‌బ్యాక్ సవరణకు మాత్రమే. చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు అందకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో ఈ గణితం కూడా ఒకటి. అది పట్టించుకునే ఇంజనీర్లు మా శాఖకు కావాలి. మీరు చదువు పూర్తయ్యాక ఇటువైపు కూడా చూడండి.

పరకాల_ఈఈఈ

అందరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. డ్రమ్మునే తీసుకున్నాను సార్. టి 10, టౌ 5 పెట్టి రాశాను: 5 ఎస్ వర్గం + (1 − 10 కె) ఎస్ + కె = 0. కె 0.1 దగ్గర మధ్య పదం పోతుంది, ఒమేగా వర్గం 0.02, అంటే ఒమేగా 0.141, ఊపు కాలం 44 సెకన్లు వచ్చింది. అధ్యాపకుడు గారు చెప్పినట్టు సున్నా వరుసను ఊపుగా చదవడం ఇప్పుడు తెలిసింది. రూట్ లోకస్ కూడా గీశాను, ఒక కొమ్మ కుడివైపు 0.1 దగ్గరున్న జీరోలోకి వెళ్లి చేరుతోంది. గెయిన్ పెంచితే పోల్ ఎందుకు కుడికి పోతుందో అక్కడ కంటికి కనిపించింది. జీరో దాన్ని లాగుతోంది.

ఒక సందేహం. త్రీ ఎలిమెంట్‌లో ఆవిరి ప్రవాహాన్ని కొలిచి నీరు ముందే పెంచుతున్నాం కదా. అలాంటప్పుడు కె హద్దు 0.1 నుంచి పెరుగుతుందా? ఈ ఫీడ్ ఫార్వర్డ్ (ముందే ఇచ్చే సవరణ) సరిగ్గా ఉంటే మట్టం కంట్రోలర్ అసలు అవసరమా?

విశ్రాంత_సి_అండ్_ఐ

రెండూ అడగాల్సిన ప్రశ్నలే అమ్మా. మొదటిది: పెరగదు. ఆవిరి ప్రవాహం లూప్ బయటి నుంచి వచ్చే సంకేతం. నీ సమీకరణంలో దానికి చోటు లేదు, కాబట్టి పోల్స్ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, హద్దు 0.1 గానే ఉంటుంది. మారేది వేరు. పెద్ద కదలికలన్నీ ఫీడ్ ఫార్వర్డ్ చూసుకుంటుంది కాబట్టి కె ని ఆ హద్దుకు చాలా దూరంగా, తక్కువగా ఉంచినా నీకు ఇబ్బంది రాదు.

రెండోది: అవసరం. ఆవిరి ప్రవాహం కొలిచే మీటరులో ఒక్క శాతం తేడా ఉందనుకో. 1,500 టన్నుల్లో ఒక శాతం, గంటకు 15 టన్నులు. డ్రమ్ము ఇంటిగ్రేటర్ అని నువ్వే రాశావు. ఆ 15 టన్నులు గంట గంటకూ పోగుపడతాయి, లేదా తరుగుతాయి. మీటరు ఎంత మంచిదైనా తేడా పూర్తిగా సున్నా కాదు. మట్టాన్ని నేరుగా చూసే లూప్ ఒకటి నెమ్మదిగానైనా ఉండాలి, అందులో ఇంటిగ్రల్ ఉండాలి.

ఇప్పుడు ఇంటిగ్రల్ పక్కన పెట్టి, కె 0.05, 0.03 రెండింటికీ లెక్క కట్టు. మొదటిదానికి డ్యాంపింగ్ నిష్పత్తి (ఊపు ఎంత బాగా అణుగుతుందో చెప్పే సంఖ్య) 0.5, రెండోదానికి దాదాపు 0.9 రావాలి. రెండింటికీ సెట్ పాయింటును (ఉండాల్సిన మట్టాన్ని) ఒక మెట్టు పెంచి మట్టం ఎలా కదులుతుందో గీయి. మొదటి కొన్ని సెకన్లు రేఖ ఎటు పోతుందో, ఏ కె దగ్గర ఎక్కువ కిందికి దిగుతుందో గమనించు. చేత్తో గీసిన కాగితం ఫోటో తీసి ఇక్కడే పెట్టు, ఆ తర్వాత ఇంటిగ్రల్ కలుపుదాం.